ఒక జీర కోసం ఎల్బీ నగర్ దాకా

బయల్దేరే ముందు

దిల్‌సుఖ్‌నగర్‌ని చూడ్డానికంటూ ఎవరూ వెళ్లరు. పిల్లల్ని కోచింగులో చేర్చడానికి వెళ్తారు, పెళ్లి చీరలకు వెళ్తారు, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో బస్సు మారడానికి వెళ్తారు. నేను గిటార్ యాంప్ కొనడానికి వెళ్లాను. తిరిగొచ్చి వారమైనా పిక్కలు ఇంకా లాగుతూనే ఉన్నాయి. ఆ ఊళ్లో మెట్లెక్కువ.

యాంప్ అంటే ఏమిటని మా ఆఫీసులో అందరూ అడిగారు కాబట్టి అది ముందే చెప్పేస్తాను. ఎలక్ట్రిక్ గిటార్ తీగ మీటితే దానంతట అది పెద్దగా మోగదు. దాన్ని ఒక స్పీకరు డబ్బాకి తగిలించాలి. ఆ డబ్బా పేరు యాంప్. నేను వాయించేది బ్లూస్. అమెరికాలో పత్తిచేలల్లో వెట్టిచాకిరీ చేసిన నల్లవాళ్ల బతుకుల్లోంచి పుట్టిన పాట అది. చెప్పిన మాటే మళ్లీ చెబుతారు, కాస్త ఇంకోలా. దానికి శుభ్రమైన శబ్దం పనికిరాదు. గొంతులో జీర ఉండాలి. మెల్లగా మీటితే మామూలుగా పలకాలి, గట్టిగా మీటితే ఏడ్చి ఏడ్చి మాట్లాడే మనిషి గొంతులా పగలాలి. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు వాల్వులుండేవి కదా, అవి ఉన్న యాంపుల్లో ఆ జీర బాగా పలుకుతుంది. చిన్న డబ్బా అయితే ఇంట్లో తక్కువ శబ్దానికే వస్తుంది. పెద్దది కొంటే వీధి వీధంతా లేచేదాకా రాదు. అంటే నాకు కావలసింది చిన్నది, పాతది, కాస్త గొంతు పోయినది. "అచ్చం మీలాంటిదే" అంది మా ఆవిడ లలిత.

నేను తణుకులో మున్సిపల్ ఆఫీసు గుమాస్తాని. మా ఊరి చక్కెర ఫ్యాక్టరీకి వచ్చిన ఒక ఇంజనీరుగారు కుర్రతనంలో నాకు గిటారు పట్టుకోవడం నేర్పి, బదిలీ అయి వెళ్తూ ఆ గిటారు నాకే వదిలేసి వెళ్లారు. అప్పట్నుంచి సాయంత్రాలు దాంతోనే. యాంపు కొనడం మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. ఒక పాత కీబోర్డు స్పీకరుకే తగిలించుకుని కాలం గడిపేశాను. ఈ మూడు నాలుగేళ్లుగా నేను గిటారు తీయగానే లలిత వంటింటి తలుపు దగ్గరగా వేసేస్తుంది. పోపు ఘాటుకు నాకు దగ్గొస్తుందని. నా వాయింపు మీద ఇంట్లో ఉన్న గౌరవం అది అనుకునేవాణ్ణి.

ఇప్పుడు తొందరెందుకు వచ్చిందంటే, చెవులు. దోమ కుట్టడం తెలుస్తోంది గాని దాని పాట వినిపించడం మానేసింది. మొదట దాన్ని లాభం కిందే లెక్కేసుకున్నాను. తర్వాత ఫోను మోగడం కూడా వినబడకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాను. సన్నని శబ్దాలు పోతున్నాయి, మిషన్ పెట్టించుకోండి అన్నాడాయన. మిషన్ పెట్టుకుంటే పాట ఎలా వినిపిస్తుందని అడిగాను. అలవాటు పడాలండీ అన్నాడు. ఆ మాటకు నాకు భయమేసింది. గిటారు వరకు నా చెవి బాగానే ఉందని నా నమ్మకం. ఆ మిషన్ చెవిలోకి దూరేలోపు నా సొంత చెవులతో నా యాంపు నేనే ఎంచుకోవాలి. ఒకసారి ఎంచుకుంటే ఆ గొంతు ఇంట్లో ఉంటుంది, తర్వాత నాకెలా వినిపించినా సరే. గిటారు సంచి భుజానికి తగిలించుకుని హైదరాబాద్ బస్సెక్కింది అందుకు.

ఎల్బీ నగర్‌లో దిగడం

మా వైపు బస్సులన్నీ హైదరాబాదులో ముందు ముక్కు పెట్టేది ఎల్బీ నగర్‌లోనే. తెల్లారీ తెల్లారకముందే అక్కడ అంత జనం ఎందుకుంటారో నాకు ఎప్పటికీ అర్థం కాదు. నల్గొండ బస్సుల్లోంచి కూరగాయల మూటలు దిగుతున్నాయి, సూర్యాపేట బస్సుల్లోంచి నిద్రమొహాలు దిగుతున్నాయి. పైన మెట్రో, దాని కింద ఫ్లైఓవరు, దాని కింద ఆటోలు. వాటన్నిటి కింద నేను. కూర్చుని కూర్చుని నడుము కర్రలా బిగుసుకుపోయింది.

మా బావ నర్సింహ నాకోసం స్తంభం పక్కన నిలబడున్నాడు. మా అక్క పద్మ నర్సు ఉద్యోగానికని హైదరాబాద్ వచ్చి, నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఈ బస్సు డ్రైవర్ని చేసుకుంది. ఇద్దరూ రిటైరై సైదాబాద్‌లో ఉంటున్నారు. బావ మంచి నిద్రమనిషి. డ్యూటీలో నిద్రపోకుండా దాచుకున్నదంతా ఇప్పుడు తీర్చుకుంటున్నాడని అక్క అంటుంది. ఏ కుర్చీ దొరికినా అందులో కూర్చుని నిమిషంలో గుర్రుపెట్టగలడు.

"సంచి ఇటియ్యి బామ్మర్ది. మొకం గట్ల పీక్కపోయిందేంది? జర చాయ్ తాగి పోదం."

మా ఊళ్లో టీ అంటే గ్లాసు నిండా పొయ్యాలి, లేకపోతే కొట్టువాడితో తగువే. ఇక్కడ చిన్న కప్పులో ముప్పావు వంతు పోసి ఇరవై రూపాయలు తీసుకుంటారు, ఎవరూ ఏమీ అనరు. ఆ చిక్కటి ఇరానీ చాయ్‌లో ఉప్పూ తీపీ కలిసిన బిస్కెట్టు ముంచితే బిస్కెట్టు సగం కప్పులోనే ఉండిపోతుంది. నాది అలాగే ఉండిపోయింది. బావది ఉండిపోలేదు. ఎంతసేపు ముంచాలన్నది పుట్టుకతో రావాలి కాబోలు.

దిల్‌సుఖ్‌నగర్, మూడో అంతస్తు

స్నానం చేసి, అక్క పెట్టిన ఉప్మా తిని, బావతో కలిసి దిల్‌సుఖ్‌నగర్ మీద పడ్డాను. అక్కడ ఆకాశం కనపడదు. కనపడాల్సిన చోటంతా ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలే. ఆ పిల్లలెవరూ నవ్వడం లేదు. ర్యాంకు వచ్చాక కూడా అలిసిపోయే ఉన్నారు పాపం. ఫుట్‌పాత్ మీద సీతాఫలాలు అమ్ముతున్న ఒకావిడ నా సంచి వంక చూసి, "పెండ్లిల్ల వాయిస్తవా?" అంది. లేదన్నాను. "మరి ఏడ వాయిస్తవ్?" అంది. ఇంట్లోనే అన్నాను. ఆవిడ జాలిపడి ఒక కాయ ఎక్కువేసింది.

మొదటి కొట్టు ఒక కోచింగ్ సెంటరుకి పైన, మూడో అంతస్తులో ఉంది. రెండో అంతస్తు దగ్గర నా చెప్పు తెగింది. ఒంటి చెప్పుతో ఎక్కాను. లోపల కీబోర్డులు, డ్రమ్ముల ప్యాడ్‌లు, చర్చిలకు పెట్టే స్పీకర్లు నేల కనపడకుండా పేర్చి ఉన్నాయి. అమ్మే అబ్బాయి ఒంగోలు వాడు. "రండి సార్, కూర్చోండి, ఎండన పడొచ్చారు" అని మా వైపు యాసలో అనేసరికి ప్రాణం లేచొచ్చింది.

అతను చూపించింది ఫోనుతో నడిచే చిన్న యాంపు. ఎనిమిది వేలు. అందులో వంద గొంతులున్నాయట, ఏది కావాలంటే అది నొక్కుకోవడమే. బ్లూస్ అని రాసున్నది కూడా ఉంది. తగిలించి వాయించాను. మూత పెట్టిన గిన్నెలోంచి వచ్చినట్టుంది. యాంపు మీద ట్రెబుల్ అని ఒక నాబ్ ఉంటుంది. అది తిప్పితే శబ్దంలో పదును పెరుగుతుంది. దాన్ని సగం తిప్పాను, చాలలేదు. ముప్పావు తిప్పాను. చివరికంటా తిప్పాను, అప్పటికి కాస్త కళ వచ్చింది. పై తీగ ఒకటి వంచి లాగాను.

"మీరు వాయించుకుంటా ఉండండి సార్, టీ చెప్పొస్తా" అని ఒంగోలు అబ్బాయి మూడంతస్తులు దిగి వెళ్లిపోయాడు. చాలాసేపు రాలేదు. బావ కూడా బాల్కనీలోకి వెళ్లి ర్యాంకుల పిల్లల్ని చూస్తూ నిలబడ్డాడు. నాకు మాత్రం శబ్దం నచ్చలేదు. గొంతు ఉంది, జీర లేదు, జీర బొమ్మ మాత్రం ఉంది. వద్దని చెప్పి, ఆ అబ్బాయి తెచ్చిన టీ తాగి దిగిపోయాం. కింద చెప్పు కుట్టించుకున్నాను. ముప్పై అడిగి ముప్పై తీసుకున్నాడు. మా ఊళ్లో అయితే యాభై అడిగి ముప్పై తీసుకునేవాడు. బేరమాడే ఓపిక మిగిలింది కదా అని సంతోషించాను.

రెండో కొట్టు చైతన్యపురి వైపు. అక్కడా మెట్లే. ఆ కొట్టాయన స్టేజీల మీద వాయించే పెద్ద యాంపు చూపించాడు. ఇరవై రెండు వేలు, బరువు బియ్యం మూటంత. దీని శబ్దమూ మబ్బు పట్టినట్టే ఉంది. ట్రెబుల్ చివరికంటా తిప్పి అందుకున్నానో లేదో, "మీరు నిమ్మళంగ సూస్కోండి సార్, కింద బండి అడ్డమున్నదంట" అని ఆయనా దిగిపోయాడు. బయట మెట్ల మీద కూర్చున్న ఇద్దరు హాస్టల్ పిల్లలు పుస్తకాలు మూసుకుని లేచిపోయారు.

మా వైపు కొట్టువాడు బేరం తెగేదాకా మనిషిని వదలడు. ఎదురుగా నిలబడి, నచ్చిందా నచ్చిందా అని కళ్లతోనే అడుగుతుంటాడు. ఈ ఊళ్లో వస్తువు చేతిలో పెట్టి మనల్ని ఒంటరిగా వదిలేస్తారు. పెద్దమనిషి తరహా, ఎంత నమ్మకం అనుకున్నాను. ఆ మాటే బావతో అన్నాను కూడా. బావ "ఔను, మనకాడ గంతే" అని, రోడ్డు దాటడానికి నా చెయ్యి పట్టుకున్నాడు.

సైదాబాద్, పొద్దుగూకి

ఆ సాయంత్రం అక్క పచ్చిపులుసు చేసింది. మా ఇంట్లో పులుసంటే బెల్లం పడాలి, పొయ్యి మీద మరగాలి. ఇది పొయ్యి ముఖమే చూడదు. చింతపండు రసంలో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి వేస్తారు. చల్లగా, పుల్లగా ఉంది. అలసిన నోటికి అదే హాయి. అక్క నాతో "ఇంకాస్త వేసుకోరా, అసలేం తిన్నావని" అంటుంది, అదే ఊపిరిలో బావ వైపు తిరిగి "నీకేమైంది, గట్ల సూస్తున్నవ్, తిను" అంటుంది. ఏ మాట ఎటు పోవాలో ఆవిడ నాలుకకి తెలుసు.

"ఈ ఊరి యాంపులన్నీ మబ్బుగానే ఉన్నాయే" అన్నాను. "ఒక్కదానికీ పదును లేదు. వృథా ప్రయాణం అయ్యేలా ఉంది."

అక్క బావ వంక చూసింది. బావ పులుసు వంక చూశాడు. "రేపు యాదగిరి తానికి పోదం" అన్నాడు చివరికి. "పెండ్లిళ్లకు మైకుసెట్లు ఇస్తడు, పాతయి బాగుజేస్తడు. గాయన తాన ఉండొచ్చు."

మళ్లీ ఎల్బీ నగర్

యాదగిరి దుకాణం ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో ఉంది. ఈసారి మెట్లు లేవు. ఆ ఒక్క కారణానికే ఆయన మీద నాకు గౌరవం కలిగింది. చిన్న గది, నిండా వినాయక మండపాల స్పీకర్లు. మధ్యలో నలుగురు మోకాళ్లు తగిలేలా కూర్చోవచ్చు. మేం ముగ్గురం కూర్చున్నాం. అరవై దాటిన మనిషి, మెడలో తువ్వాలు.

"గిటారుకా?" అని ఒక మూల దుప్పటి తీశాడు. దాని కింద ముదురు గోధుమరంగు డబ్బా, వంటింటి స్టూలంత ఉంటుంది. మీద పేరు లేదు, ఎవరో చేత్తో చేసిందే. ఎప్పుడో హోటల్లో బ్యాండు వాయించినవాళ్లది, ఊరొదిలిపోతూ అమ్మేసిపోయారట. స్విచ్చి వేస్తే వెనక రెండు గాజు వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. వేడెక్కేదాకా ఆగాలి అన్నాడు. ఆగాం. రెండు రోజుల్లో నేను కూర్చుని ఊరికే ఉన్నది ఆ కాసేపే.

మీటాను. ఇదీ మొదట మబ్బుగానే ఉంది. ట్రెబుల్ నాబ్ తిప్పడం మొదలుపెట్టాను. దీనికి ఆ నాబ్ చాలా వాడి. చివరికంటా తిప్పేసరికి తెర తీసినట్టయింది. పై తీగ వంచితే వెండి తీగ మెరిసినట్టు మెరిసింది. గట్టిగా మీటితే గొంతు పగిలింది, వదిలితే తేరుకుంది. ఇంజనీరుగారి క్యాసెట్లలో విన్న గొంతు అదే. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడకుండా చెబుతున్నాను, తిరిగాయి.

ఎంతసేపు వాయించానో తెలియదు. యాదగిరి తువ్వాలు తల చుట్టూ కట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుని విన్నాడు. ఎక్కడైనా నిద్రపోయే బావ ఇక్కడ రెప్ప వెయ్యలేదు. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, ఫోన్ చెవికి ఆనించుకుని "ఊఁ, ఊఁ" అంటూ నన్నే చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరూ లీనమైపోయారనుకున్నాను. నా బ్లూస్‌కి దొరికిన మొదటి శ్రోతలు వీళ్లే అనుకున్నాను.

"మంచిగున్నదా సార్?" అన్నాడు యాదగిరి, నేను ఆపాక.

"దీనికోసమే తిరుగుతున్నానండీ ఇన్నాళ్లూ."

"గట్లయితే తీస్కోండి. పద్నాలుగు ఇయ్యండి." బావ కలగజేసుకుని పన్నెండు చేశాడు. దుమ్ము దులిపి, వైర్లు మార్చి రేపు పొద్దున ఇస్తానన్నాడు యాదగిరి. బయటికి రాబోయే ముందు ఒక్క నిమిషం వాయించి ఫోన్లో రికార్డు చేసి లలితకు పంపాను. ఆ సందులోంచి మెయిన్ రోడ్డు దాకా నడిచేటప్పుడు కాళ్ల నొప్పి తెలియలేదు.

ఫోను

సాయంత్రం అక్క వాళ్ల డాబా మీద బట్టలు తీస్తుంటే లలిత ఫోన్ చేసింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"బానే ఉందండీ. వెనకాల ఆ కీచు ఏమిటి?"

"కీచా? కీచేమీ లేదే. వాల్వు యాంపు అది. కాస్త జీరగా ఉంటుంది."

"జీర వినబడింది. అది కాదు. పైన ఇంకోటుంది కదా, చెవిలో సూది పెట్టినట్టు. సగంలో ఆపేశానండీ. ఎప్పుడూ ఉండేదే అనుకోండి. ఇప్పుడు మరీ ఎక్కువుంది."

"ఎప్పుడూ ఉండేదా?"

నాకు ఒక్కొక్కటే బుర్రలోకి దిగడం మొదలైంది. టీ చెప్పడానికి మూడంతస్తులు దిగిన ఒంగోలు అబ్బాయి. అడ్డంగా ఉందన్న బండి. పుస్తకాలు మూసుకున్న పిల్లలు. తలకి కట్టుకున్న తువ్వాలు.

"అందుకేనా నువ్వు వంటింటి తలుపు వేసేది?"

"పోపు కోసమే అనుకోండి" అంది లలిత మెల్లగా.

ఫోన్ పెట్టేసి అక్కడే ట్యాంకు గట్టు మీద కూలబడ్డాను. యాంపుల్లో మబ్బు లేదు. ఊళ్లో మబ్బు లేదు. నా చెవిలో పోయినదాన్ని నేను నాబ్ తిప్పి ఎదుటివాళ్ల చెవుల్లోంచి వసూలు చేస్తున్నాను. గిటారు వరకు బాగానే ఉందనుకున్న చెవి గిటారు దగ్గరే నన్ను మోసం చేసింది. చాలా బాధేసింది. అంతకన్నా ఎక్కువ అలసట వచ్చింది. ఇంకే కొట్టుకీ ఎక్కలేను, ఇంకేమీ ఎంచుకోలేను అనిపించింది.

బావ చాయ్ పట్టుకుని పైకొచ్చాడు.

"బావా, ఆ యాంపు కీచుమందా?"

బావ చాయ్ గట్టు మీద పెట్టాడు. "జర అన్నది."

"నిజం చెప్పు."

"మస్తు అన్నది బామ్మర్ది. నా ఫోన్ల ఎవలు లేరు. చెవుకు అడ్డం పెట్టుకున్న."

"మరి చెప్పొచ్చు కదా?"

"ఎట్ల చెప్తం? బస్సు దిగినకాడికెల్లి నీ మొకంల నవ్వు సూడలే. గాడ కూసున్నంక నవ్వినవ్. ఒక్క పూట చెవు నొస్తే నొయ్యనీ అనుకున్న." కప్పు నా వైపు జరిపి, "చాయ్ సల్లగయితది" అన్నాడు.

బొట్టు

మర్నాడు పొద్దున అక్క కూడా బయల్దేరింది, సంచిలో పసుపు, కుంకుమ, రెండు నిమ్మకాయలు పెట్టుకుని. యాంపు తీసుకోవాలో వద్దో నేనింకా తేల్చుకోలేదని చెప్పినా వినలేదు. కొత్త వస్తువు బొట్టు లేకుండా కొట్టు గడప దాటకూడదట.

"అది పాతదే అక్కా."

"నీకు కొత్తదే కదరా."

"దానికి చక్రాలు లెవ్వు, నిమ్మకాయలు ఏడ పెడ్తవ్?" అన్నాడు బావ.

యాదగిరికి జరిగిందంతా చెప్పాను. ఆయన కాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "కొననొచ్చిన మనిషి కండ్లల్ల నీళ్లు వెట్టుకుంటే, చెవులు పోతున్నయి ఆపండి అని ఎట్లంటం సార్? మీకు గట్లనే కావాల్నేమో అనుకున్న. వొద్దంటే వొదిలెయ్యండి, నేనేం అనుకోను."

వదిలేద్దామనే ఉంది. కాని బస్సు సాయంత్రానికి గాని లేదు. వాల్వులు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి. గిటారు తగిలించాను.

"బావా, ఆ నాబ్ నువ్వు తిప్పు. నేను దాన్ని ముట్టుకోను. నీకు వినబుద్ధైన చోట ఆపు."

"నాకేం తెలుస్తది బామ్మర్ది, గీ పాటలు?"

"తెలియకపోతేనే మంచిది."

మీటడం మొదలుపెట్టాను. బావ మోకాళ్ల మీద వంగి, బస్సు గేరు మార్చినంత జాగ్రత్తగా నాబ్ వెనక్కి తిప్పాడు. తిప్పుతున్నకొద్దీ నా వెండి తీగ పోయింది. ముందు మెరుపు పోయింది, తర్వాత అంచు పోయింది. ఇంకా తిప్పుతున్నాడు. ఆపమని నోటిదాకా వచ్చింది. మింగేశాను. అక్క అప్పటిదాకా కొంగు చెవికి అడ్డం పెట్టుకుని ఉంది. సగం దాటాక కొంగు వదిలేసింది. ఇంకాస్త తిప్పాక యాదగిరి తల పైకెత్తాడు. బావ చెయ్యి ఆగింది.

"ఆడ ఆపు" అంది అక్క.

"ఆపిన" అన్నాడు బావ.

నాకు అది దుప్పటి కప్పి వాయిస్తున్నట్టే ఉంది. జీర మాత్రం పోలేదు. అది అడుగున ఉండే శబ్దం, అక్కడిదాకా నా చెవి ఇంకా అందుతోంది. ఆ అడుగు పట్టుకునే వాయించాను. బ్లూస్ పాట పన్నెండు కొలతలకోసారి మొదటికొస్తుంది, అలాంటి తిరుగుడు ఒకటి పూర్తిచేసి, అదే మళ్లీ చెప్పాను, కాస్త ఇంకోలా. తలెత్తి చూస్తే ఎవరూ టీ చెప్పడానికి వెళ్లలేదు. యాదగిరి తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అక్క వేళ్లు తొడ మీద తాళం వేస్తున్నాయి. బావ నాబ్ పక్కనే నేల మీద చతికిలబడి, గోడకి ఆనుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయాడు.

నేను ఆపగానే లేచాడు. "ఎందుకాపినవ్?"

"నిద్రపోయావు కదా."

"పోనీ. నిన్న అది మొత్తుకున్నది బామ్మర్ది. ఇయ్యాల చెప్తున్నది."

అక్క లేచి యాంపు ముందు పసుపు రాసింది. కుంకుమ వేలికి అద్దుకుని డబ్బా మధ్యలో పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "అక్కడ కాదక్కా. ఇక్కడ పెట్టు" అని నాబ్ గీత ఆగిన చోటు చూపించాను. ఎందుకని ఆవిడ అడగలేదు. సరిగ్గా ఆ గీతకి ఎదురుగా, చిన్నది, గుండ్రంగా పెట్టింది. అది చెరగకుండా యాదగిరి పైన చిన్న టేపు ముక్క అంటించాడు. నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలో తెలియక అక్క ఆయన చేతిలోనే పెట్టింది. మధ్యాహ్నం షర్బత్‌కి పనికొస్తాయన్నాడు.

తణుకు

ఎల్బీ నగర్‌లోనే బస్సెక్కాను. యాంపు కింద డిక్కీలో పెట్టబోతే డ్రైవరు సామాన్ల చార్జీ అడిగాడు. బావ కిటికీ దగ్గరికెళ్లి అతనితో ఏదో మాట్లాడాడు. చార్జీ సగమైంది, యాంపు డిక్కీలోకి కాకుండా డ్రైవరు పక్కకి వచ్చింది. దారంతా ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. కోదాడ దగ్గర ఆపినప్పుడు దిగిన గుర్తు కూడా లేదు.

ఇంటికొచ్చిన రోజు సాయంత్రం డబ్బా ముందుగదిలో పెట్టి, వాల్వులు ఎర్రబడేదాకా ఆగాను. దారిలో నాబ్ కదిలింది. ట్రెబుల్ గీతని బొట్టుకి ఎదురుగా తెచ్చి వదిలేశాను. చెయ్యి అలవాటుగా మళ్లీ దాని మీదికి వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. చెవుల డాక్టరుకి ఫోన్ చేసి వచ్చేవారం వస్తానని చెప్పేశాను. వాయిదా వెయ్యడానికి ఇంక సాకు లేదు. మిషన్ పెట్టాక ఇది నాకెలా వినిపిస్తుందో తెలియదు. ఇవాళ మాత్రం దుప్పటి కిందినుంచే వినిపిస్తోంది. అదే వాయించాను. అదే మళ్లీ వాయించాను.

వంటింట్లో లలిత కాకరకాయ వేపుడుకి పోపు వేసింది. ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ. ఆ ఘాటు నేరుగా వచ్చి నా గొంతు పట్టుకుంది. ఈ నాలుగేళ్లలో ఇంట్లో గిటారు వాయిస్తూ ఒక్కసారి కూడా నేను దగ్గలేదు. ఆ రోజు తీగ వదలకుండానే, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా దగ్గాను. తలుపు తెరిచే ఉంది.